ఎనిమిదమ్మ తద్దినం

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తద్దినం నాడు దణ్ణం పెట్టుకుంటున్న మా ఎనిమిదో తాతయ్య, ఆ ఏడాది తెత్, అంటే మా కొత్త సంవత్సరం పండగ, వెళ్ళిన పదో రోజున నా చేతిలో చల్లటి కొబ్బరిబొండం పెట్టి, "ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగింది.

అడిగింది అనే రాస్తున్నాను. అడిగిన మనిషి అరవై నాలుగేళ్ళ ఆడమనిషి. పువ్వుల పైజామా, పువ్వుల చొక్కా, చెవులకి పచ్చరాళ్ళు, పెన్సిలుతో దిద్దిన కనుబొమ్మలు. ఎడమ కనుబొమ్మ మీది ఆ దిద్దుడు కింద, దాన్ని రెండు ముక్కలు చేసిన పాత మచ్చ. ఆ మచ్చ నాకు బాగా తెలుసు. హ్యూస్టన్‌లో మా హాల్లో పెద్దల పీఠం మీద ఐదు ఫోటోలుండేవి. నాలుగు ముసలివాళ్ళవి. ఐదోది పంతొమ్మిదేళ్ళ కుర్రాడిది. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, తెగిన ఎడమ కనుబొమ్మ. నాయనమ్మకి తమ్ముడు. వాళ్ళింట్లో వరసలో ఎనిమిదోవాడు కాబట్టి మాకు ఎనిమిదో తాతయ్య. పడవలో వస్తూ సముద్రంలో పోయాడని చెప్పారు. ఏటా చంద్రమానం మూడో నెల పదహారున నాయనమ్మ పెందలాడే లేచి, కొబ్బరినీళ్ళలో పంది మాంసం, గుడ్లు ఉడికించి, గిన్నె నిండా అన్నం పెట్టి, దాని మీద అన్నం తినే రెండు పుల్లలు ఆనించి, మూడు అగరొత్తులు వెలిగించేది. మేం వరుసగా నిలబడి దణ్ణాలు పెట్టేవాళ్ళం.

బొండం నా చేతిలోంచి జారి తువన్ కాలి మీద పడింది.

తువన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. టొరంటోవాడు, నా స్నేహితుడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. పుట్టినప్పుడు నన్ను అబ్బాయినని రాశారు. ఇరవై రెండో ఏట నేను అమ్మాయినని, ఇకనుంచి నా పేరు లాయ్ అని ఇంట్లో చెప్పాను. వాడిది సరిగ్గా ఎదురు దారి. సగం దారిలో ఇద్దరం ఎదురుపడి టీ తాగాం అంటాడు. మా పెద్దవాళ్ళు యుద్ధం అయ్యాక పడవలెక్కి వదిలేసి వచ్చిన దేశాన్ని ఒక్కసారి కళ్ళారా చూసుకుందామని, ఉద్యోగాలకి మూడు నెలలు సెలవు పెట్టి ఇద్దరం కలిసి వచ్చాం. బయల్దేరేటప్పుడు మా నాన్న పెట్టె ఎక్కించడానికి కూడా రాలేదు. "అక్కడికెళ్ళి వెతుక్కుంటే ఏం దొరుకుతుంది నీకు? మన వంశంలో ఇలాంటివి లేవు. ఇది అమెరికా తెచ్చిన తెగులు" అన్నాడు. నాయనమ్మ మాత్రం నొప్పులకి రాసుకునే పచ్చ తైలం సీసాలు ఒక డజను, ఊరిపేరు రాసిన కాగితం ఒకటి నా సంచిలో కుక్కింది. రాక్ దువా, బెన్ చే జిల్లా. మనవాళ్ళెవరైనా కనిపిస్తే ఇవ్వమంది. ఎవరని అడిగితే వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కాగితం పట్టుకుని, కాలువ గట్టున ఆ ఇల్లూ ఈ ఇల్లూ అడుగుతూ వస్తే, ఈ గుమ్మం చూపించారు.

"నేను హూంగ్ గారి మనవరాలినండీ. మీ ఇంట్లో ఆరో ఆవిడ. హ్యూస్టన్ నుంచి" అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది.

ఆవిడ నన్ను కిందనించి పైదాకా చూసింది. "ఆరక్కకి ఒకడే మనవడని విన్నాను. మనవరాలెక్కడిదీ?"

"ఆ మనవణ్ణి నేనే."

 తువన్ కాలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతున్నాడు. ఆవిడ చూపు నా చేతి గాజు మీద ఆగింది. నాయనమ్మది ఆ పచ్చగాజు. నేను అమ్మాయినని చెప్పిన నాడు నాయనమ్మ మంచీ చెడూ ఏమీ అనలేదు. మూడు నెలల తరవాత ఒకరోజు నన్ను సింకు దగ్గరికి పిలిచి, చేతికి సబ్బు రాసి, ఆ గాజు ఎక్కించేసి గిన్నెలు తోముకుంది.

"అది మా అమ్మ గాజు" అంది ఆవిడ. తరవాత తొడ చరుచుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అయితే మన రక్తంలోనే ఉందన్నమాటే. నేనొక్కదాన్నే తప్పిపుట్టాననుకుని ఇన్నేళ్ళూ గడిపేశాను. కూర్చోవే. ఇద్దరూ కూర్చోండి. తిన్నారా?" అని పొయ్యి మీద పెనంలో చేపలు వేసింది.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. లేచి ఆ కాలువలోకి దూకి ఈదాలనిపించింది. మన వంశంలో లేవు అన్న మనిషికి వెంటనే ఫోన్ చేసి, ఉంది నాన్నా, పచ్చరాళ్ళ కమ్మలు పెట్టుకుని చేప వేపుతోంది అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే నా నోటి దురద ఇంకో పని చేసేసింది. "మీరు చచ్చిపోయారని మేం ఏటా తద్దినం పెడుతున్నామండీ" అనేశాను.

"నాకా?"

"మీకే. ఫోటో ఉంది. నలభై ఏళ్ళ నుంచి."

ఆవిడ అట్లకాడ పట్టుకుని ఆలోచించింది. "అందుకా, ఏటా కొన్నాళ్ళు నాకు ఆకలే వెయ్యదు."

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. అంగడివాళ్ళు, పడవవాళ్ళు, పక్క రేవువాళ్ళు అందరూ వచ్చి, చచ్చినావిడ ఎలా ఉందో చూసి పోయారు.

ఊరంతా ఆవిణ్ణి ఎనిమిదమ్మ అంటారు. మేమూ అదే పట్టుకున్నాం. ఎనిమిదమ్మ బోంగ్. అంటే అమ్మవారి జాతర్లలో డోలు కొడుతూ పాటపాడి అమ్మవారిని పిలిచి, నెత్తిన పువ్వుల గిన్నె పెట్టుకుని, బంగారు పళ్ళెం ఎత్తుకుని, చేతులు తాకకుండా ఆడి సమర్పించే మనిషి. ఎప్పటినుంచో మాలాంటివాళ్ళ చేతిలోనే ఉన్న పని అది. కొత్త ఏడాది మొదటి నెల నుంచి నాలుగో నెల దాకా ఏదో ఒక ఊళ్ళో జాతర. మేం మూడు నెలల్లో నాలుగు నగరాలు చూడాలని కాగితం మీద రాసుకొచ్చాం. ఆ కాగితంలో ఎనిమిదమ్మ ఎండుచేప చుట్టింది. మేం ఎక్కడికీ పోలేదు.

మొదటి జాతర నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. చిన్న గుడి, రేకుల పందిరి, జనం. ఎనిమిదమ్మ గులాబీరంగు పట్టు వేసుకుని వచ్చి కూర్చోగానే బియ్యం వ్యాపారి లేచి చాప సవరించాడు. పోలీసాయన భార్య పసిబిడ్డని తెచ్చి ఒళ్ళో పెట్టింది, తల నిమరమని. హ్యూస్టన్‌లో పెట్రోలు బంకులో దిగాలంటే ఎవడెలా చూస్తున్నాడో లెక్కపెట్టుకుని దిగే మనిషిని నేను. ఇక్కడ నాలాంటి మనిషి చెయ్యి తల మీద పడాలని జనం వరస కట్టారు. ఆ వరసలో నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఎనిమిదమ్మ, "నువ్వెందుకే లైనులో, వెళ్ళి గిన్నెలు తుడువు" అని తోసేసింది. సంతోషం పట్టలేక గిన్నెలు రెండుసార్లు తుడిచాను.

తువన్‌కి ఇంకో రకం పండగ. వాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు. నూనూగు గడ్డం, వెడల్పు భుజాలు, అంతే. మగాళ్ళందరూ పొద్దున్న పదకొండింటికే పిలిచి కూర్చోబెట్టి సారా పోసేవారు. జీవితమంతా కోరుకున్న మర్యాద అదేనట, రెండు గిన్నెలకే వాంతి అయ్యేది. ఊళ్ళో ముగ్గురు తల్లులు వాడికి పిల్లనిస్తామని కబురు పెట్టారు.

నాకు ఎనిమిదమ్మ పువ్వుల గిన్నె నేర్పింది. మొదట వట్టి గిన్నె, తరవాత నీళ్ళ గిన్నె. నడినెత్తిన పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని లేవాలి. ఎన్నిసార్లు తడిసి ముద్దయ్యానో. "మెడతో మోయకే, నడుంతో మొయ్యి" అనేది. "అమెరికాలో నడుములు ఇవ్వరా మీకు?" ఒకరోజు అలా తడిసి, మొహం కడుక్కుందామని పెరట్లో మూల జాడీలో నీళ్ళు పుక్కిలిస్తే నోరంతా ఉప్పన. ఉమ్మేశాను.

ఎనిమిదమ్మ విరగబడి నవ్వింది. "మూత ఉన్న జాడీలు వాననీళ్ళు, తాగడానికీ వంటకీ. మూల జాడీ కాలువ నీళ్ళు, కాళ్ళు కడుక్కోవడానికి. ఎండాకాలం సముద్రం కాలువలోకి ఎగదంతుంది. ఈ ఊరి పిల్లకి నడక రాకముందే ఆ సంగతి తెలుస్తుంది. మీ నాయనమ్మ ఏం నేర్పిందే నీకు?"

నాయనమ్మ నాకు వంట నేర్పింది, తన సెలూన్‌లో గోళ్ళకి రంగు వెయ్యడం నేర్పింది. ఊరి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

రాక్ దువా జాతర దగ్గరపడింది. సొంత ఊరి అమ్మవారికి ఎనిమిదమ్మ ఏటా బంగారు పళ్ళెం తన చేత్తోనే కడుతుంది. ఇత్తడి పళ్ళెం మీద అట్టతో అంతస్తులు లేపి, జరీ కాగితం అంటించి, పువ్వులు కత్తిరించి, మోకాలెత్తు గోపురం. ఇంకో పది రోజులుందనగా నేలంతా కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. నేను కత్తిరిస్తున్నాను, ఆవిడ జిగురు రాస్తోంది.

"అవునే లాయ్, నా తద్దినం ఏ రోజు?" అని అడిగింది మాట వరసకి.

"మూడో నెల పదహారు."

కుంచె ఆగిపోయింది.

"ఇక్కడి జాతర రోజు అది" అంది మెల్లగా. "నేను ఇల్లొదిలిన రోజు. పంతొమ్మిదేళ్ళ వయసులో, అమ్మవారి ముందు బోంగ్‌లు ఆడుతుంటే చూసి, ఆట అయ్యాక వాళ్ళ పడవ వెనకే నడిచి వెళ్ళిపోయాను. నాన్న గట్టు మీద నిలబడి కేకేశాడు, ఈ రోజుతో నువ్వు చచ్చావురా అని. కోపంలో అన్నాడనుకున్నాను. మొదట్లో అందరూ అంటారు కదా." జిగురు గిన్నె పక్కకి జరిపింది. "తద్దినమంటే ఏదో సముద్రంలో పోయాననుకుని పొరపాటున పెడుతున్నారనుకున్నానే. తారీఖు నాన్న పెట్టినదా?"

 ఆవిడ లేచి చేతులు కడుక్కుని వాకిట్లో కూర్చుంది. గోపురం సగంలో ఉండిపోయింది.

మర్నాడు గుడి పెద్ద లూమ్ తాత వచ్చాడు, పళ్ళెం ఎంతవరకు వచ్చిందో చూద్దామని.

"ఈసారి నేను ఎత్తను" అంది ఎనిమిదమ్మ.

"మెడ నొప్పా?"

"మెడ బాగానే ఉంది. అదే రోజున అక్కడ మా అక్క నాకు అగరొత్తులు వెలిగిస్తుంది. ఇక్కడ నేను అమ్మవారి ముందు నిలబడతాను. అమ్మవారు నన్నేమనుకోవాలి లూమ్? మనిషనా, దెయ్యమనా?"

"ఇన్నేళ్ళూ ఎత్తావు కదే."

"తెలియనన్నాళ్ళు వేరు. ఇప్పుడు తెలిసింది. ఆ ఫోటో పీఠం మీంచి దిగాలి. పెట్టిన చేతులే దింపాలి. అప్పటిదాకా ఎత్తను."

లూమ్ తాత నా వైపు చూశాడు, ఇదంతా నీ నోటి చలవే అన్నట్టు. నిజమే. నేను నోరు మూసుకుని తైలం ఇచ్చి వచ్చేస్తే ఏ గొడవా లేదు. జాతరకి పళ్ళెం లేకపోతే ఊరికి లోటు. అది సరే, అంతకన్నా నన్ను తినేసింది ఇంకొకటి. ఆ తరవాత మూడు రోజులు ఆవిడ కనుబొమ్మలు దిద్దుకోలేదు. ఆ మచ్చ బయటపడి, అచ్చం ఫోటోలో కుర్రాడిలా కనిపించింది. నాకు భయమేసింది.

నాలుగో రోజు పొద్దున్నే నాయనమ్మకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. నాయనమ్మ వెనకాల టీవీ మోగుతోంది.

"నాయనమ్మా, ఎనిమిదో తాతయ్య బతికే ఉంది."

టీవీ గొంతు తగ్గింది. 

"నీకు తెలుసు కదా" అన్నాను.

"మనం హ్యూస్టన్ వచ్చిన తొమ్మిదో ఏడు ఉత్తరం వచ్చింది" అంది నాయనమ్మ. "మా నాన్న అప్పుడు మనింట్లోనే ఉండేవాడు. చచ్చినవాళ్ళు ఉత్తరాలు రాయరు అని చింపేశాడు. కవరు మీద ఊరిపేరున్న ముక్క నేను దాచాను."

"ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ తరవాత?"

"అప్పటికే అందరికీ సముద్రంలో పోయాడని చెప్పేసి ఉన్నాను కదా. ఏమని చెప్పను? అబద్ధమాడి తమ్ముడికి కూడు పెడుతున్నానని చెప్పనా? కనీసం ఆ ఒక్కరోజైనా వాడికి నా చేతి అన్నం పెట్టుకునే వీలుంది. అది కూడా మానెయ్యనా?"

"మానెయ్యి. ఫోటో నీ చేత్తో నువ్వే దింపు. లేకపోతే ఆవిడ అమ్మవారి ముందుకి వెళ్ళనంటోంది."

"అన్నం మాడుతోంది" అని పెట్టేసింది.

కరెంటు కుక్కర్లో అన్నం ఎప్పుడన్నా మాడుతుందా. నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో మొదటిసారి నాయనమ్మ మీద అరిచాను, పెట్టేసిన ఫోన్‌లోకి. ఉత్తరం ముక్క ముప్పై ఏళ్ళు దాచుకున్న మనిషి, పీఠం మీంచి ఒక ఫోటో తియ్యలేకపోయింది. మా నాన్న హాల్లో, పీఠానికి ఎదురు గోడ మీద, నా పాత ఫోటో ఉంది. పన్నెండేళ్ళ నేను, కోటు వేసుకుని, టై కట్టుకుని. ఎన్నిసార్లు అడిగినా నాన్న దింపలేదు. ఆ ఎదురుగోడ కూడా పీఠంలానే ఉందని నాకు ఆ పొద్దున తట్టింది. తువన్ పక్కన కూర్చుని ఒక అరటిపండు ఒలిచి ఇచ్చాడు.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. నేను మాత్రం ఊరుకోలేక గోపురానికి పువ్వులు కత్తిరిస్తూనే ఉన్నాను. "ఎవరి పెళ్ళికే అన్ని పువ్వులు?" అనేది ఎనిమిదమ్మ. అయినా కుంచె ముట్టుకోలేదు.

జాతరకి రెండు రోజులుందనగా నాన్న ఫోన్ చేశాడు. మేం వచ్చాక ఆయన చెయ్యడం అదే మొదటిసారి.

"మీ నాయనమ్మ ఎక్కడ?"

"నన్నడుగుతావేంటి?"

"పొద్దున లేచేసరికి లేదు. చిన్న సూట్‌కేసు లేదు. సెలూన్‌లో పనిచేసే ఆవిడ టికెట్ కొనిపెట్టిందట, నాకు చెప్పొద్దందట." ఆగాడు. "పీఠం మీద నాలుగే ఫోటోలున్నాయి. ఎనిమిదో మామయ్యది కనపడటం లేదు. ఏం జరుగుతోంది లాయ్?"

ఏడేళ్ళలో మా నాన్న నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. కంగారులో జారిందో ఏమో, నేను అడగలేదు. ఫోన్ మంచం మీద పడేసి పెరట్లోకి పరిగెత్తి, ఎనిమిదమ్మని వాటేసుకుని గిరగిరా తిప్పేశాను. కోళ్ళు చెల్లాచెదురైపోయాయి.

"దించవే, నడుం పట్టేస్తుంది. ఏమైంది?"

"దిగింది" అన్నాను. "ఫోటో దిగింది. విమానం ఎక్కింది కూడా."

ఎనిమిదమ్మ లోపలికి వెళ్ళి, అద్దం ముందు కూర్చుని, పెన్సిలు చెక్కుకుంది.

జాతర రోజు పొద్దున్నే తువన్ బస్టాండుకి వెళ్ళి నాయనమ్మని మోటారు సైకిలు మీద తెచ్చాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, నెత్తిన హెల్మెట్, ఒళ్ళో సంచి, వాడి నడుం రెండు చేతులా పట్టుకుని దిగింది. దిగుతూనే, "ఈ అబ్బాయికి పెళ్ళయిందా?" అని నన్నడిగింది.

ఎనిమిదమ్మ చాప మీద, సగం గోపురం ముందు కూర్చుని ఉంది. లేవలేదు. నాయనమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి, అక్కడే ఆగింది. నలభై ఐదేళ్ళ తరవాత చూసుకుంటున్నారు.

"వచ్చావా" అంది ఎనిమిదమ్మ.

"వచ్చాను."

"తిన్నావా?"

"విమానంలో ఏదో పెట్టారు. నువ్వు తిన్నావా?"

"నాకేం లోటు, నువ్వు పెడుతూనే ఉన్నావుగా."

నాయనమ్మ మొహం ఎర్రబడింది. వచ్చి చాప అంచున కూర్చుని, సంచిలోంచి తువ్వాలు చుట్టిన ఫ్రేము తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. ఎనిమిదమ్మ తువ్వాలు విప్పి, ఫోటోని చాలాసేపు చూసింది. 

"బాగున్నాడు" అంది. "నూనె ఎక్కువైంది గానీ."

"అమ్మే దువ్వింది ఆ రోజు."

"గుర్తుంది."

ఫ్రేము వెనక మేకులు వంచి, ఫోటోని బయటికి తీసింది. గోపురం పై అంతస్తుకి నిలబడే అట్ట ఇంకా కట్టలేదు. ఫోటోని అక్కడ ఆనించి, సరిపోతుందా అని కొలత చూసుకుంది. సరిపోయింది. జరీ కాగితం తీసుకుని దాని మీద కప్పబోతూ చుట్టూ చూసింది. జిగురు గిన్నె నాయనమ్మ పక్కన ఉంది.

నాయనమ్మ కుంచె తీసుకుంది. తమ్ముడి చొక్కా మీద, జుట్టు మీద, కనుబొమ్మ మీద, అంచులు వదలకుండా జాగ్రత్తగా జిగురు రాసింది. గోళ్ళకి రంగు వేసినట్టే, మధ్య నుంచి అంచుకి. ఎనిమిదమ్మ బంగారు కాగితం పరిచి, బొటనవేలితో ముడతలు తీసింది.  "ఆ పువ్వులు ఇటివ్వవే, జిగురు ఎండిపోతుంది" అని నన్ను కసిరారు, ఇద్దరూ ఒకేసారి.

తరవాత నాయనమ్మ లేచి చీపురు ఎక్కడుందో, పొయ్యి ఎక్కడుందో అడిగింది. "ఈ రోజు వంట నాది. ఏటా నాదే" అంది. ఎవరూ వద్దనలేదు.

మధ్యాహ్నం గుడి దగ్గర నేను పువ్వుల గిన్నె ఎత్తాను. నెత్తిన గిన్నె, నుదుటి మీదుగా చెమట. డోలు మొదలవగానే అన్నీ మర్చిపోయాను. నడుంతో మోశాను. మోకాళ్ళ మీద కూర్చుని లేచాను. ఒక్క పువ్వు రాలింది, అంతే. జనంలోంచి ఎవరో, "అమెరికా పిల్లకి నడుం వచ్చింది" అన్నారు. ఆ పొగడ్త ఇప్పటికీ దాచుకున్నాను.

ఆ తరవాత ఎనిమిదమ్మ లేచింది. గులాబీరంగు పట్టు, దిద్దిన కనుబొమ్మలు. బంగారు గోపురాన్ని ఎత్తి నుదుటి మీద నిలబెట్టుకుని రెండు చేతులూ వదిలేసింది. వెనక్కి వంగింది, తిరిగింది, మోకాళ్ళ మీద అమ్మవారి దాకా నడిచింది. పై అంతస్తులో ఆ కుర్రాడు, కాగితం కింద, ఎవరికీ కనపడకుండా ఆడాడు. నాయనమ్మ ముందు వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని, చెల్లెలి పాదాలు ఎక్కడ పడుతున్నాయో అక్కడే చూస్తూ ఉంది. పళ్ళెం అమ్మవారి ముందు దిగేదాకా రెప్ప వెయ్యలేదు. దిగాక గట్టిగా ముక్కు చీదుకుంది.

భోజనాలకి ఇంటికొచ్చాం. చాప మీద గిన్నెలు సర్దుతుంటే నాన్న వీడియో కాల్ చేశాడు. నాయనమ్మ ఫోన్ లాక్కుని, "నేను బాగానే ఉన్నాను. మీ పిన్నితో మాట్లాడు" అని ఎనిమిదమ్మ వైపు తిప్పింది.

తెర మీద నాన్న నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కమ్మలు, పట్టు, కనుబొమ్మ అన్నీ చూశాడు. ముఖ్యంగా కనుబొమ్మ.

"తిన్నావా నాయనా?" అంది ఎనిమిదమ్మ.

 "తిన్నాను... పిన్నీ" అన్నాడు నాన్న.

"వంశంలో ఉంది రా" అంది నాయనమ్మ ఫోన్ తన వైపు తిప్పుకుని. "నా వైపు నుంచి వచ్చింది. ఇన్నేళ్ళు చెప్పకపోవడం నా తప్పు. ఎదురుగోడ మీద ఆ టై కట్టిన ఫోటో నేను వచ్చేలోగా తీసి పెట్టెలో పెట్టు. దాని ఇప్పటి ఫోటో నేను తెస్తాను." పెట్టేసింది.  తువన్ ఏమీ తెలియనట్టు పుల్లలు పంచాడు.

నాయనమ్మ గిన్నె నిండా అన్నం పెట్టింది, ఏటా పెట్టినట్టే, గోపురంలా పైకి. పక్కన మాంసం, చీల్చిన గుడ్డు. పుల్లలు దాని మీద ఆనించబోయి, ఆగి, వాటిని ఎనిమిదమ్మ చేతికిచ్చింది. తను తినకుండా ఎదురుగా కూర్చుంది. ఎనిమిదమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"అక్కా."

"ఏంటే?"

"ఉప్పు."

"మాంసమా?"

"అన్నమే. కషాయంలా ఉంది. అన్నానికి నీళ్ళు ఎక్కడివి పోశావు?"

నాయనమ్మ పెరటి మూలకి చూపించింది. తువన్, నేను మొహాలు చూసుకున్నాం.

"కాలువ నీళ్ళు" అంది ఎనిమిదమ్మ. "మూడో నెలలో కాలువ నీళ్ళు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ సంగతే మర్చిపోయావా? ఇన్నేళ్ళూ ఇలాగే పెట్టావా నాకు?"

నాయనమ్మ తన వేళ్ళతో నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. మొహం చిట్లించింది. నవ్వబోయింది, కానీ నవ్వు ఏడుపైపోయింది. నలభై ఏళ్ళ ఏడుపు.

"నలభైసార్లు పెట్టాను" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కసారైనా చెప్పావా నువ్వు, ఉప్పెక్కువైందని?"

"ఇప్పుడు చెప్తున్నాగా" అంది ఎనిమిదమ్మ, గిన్నె చాపి. "ఇంకొంచెం పెట్టు."